దాదా భర్మార్, తమ్ముడి రీల్

ఈ పోస్టు జర పెద్దగనే ఉంటది. బస్సులో నిలబడి చదివేది కాదు, రాత్రి హాస్టల్‌లో అన్నం తిన్నాక తీరిగ్గా చదువుండ్రి.

పది రోజుల కింద మన గ్రూపులో ఒక వీడియో వచ్చింది. అమెరికాలో ఒక ముసలాయన తన షెడ్డులో కూసొని సీసం కరిగించి, ఇనుప అచ్చులో పోసి, మెరిసే గుండ్లు ఒక్కొక్కటి తీసి బట్ట మీద పెడుతుండు. తర్వాత మూతి నుంచి మందు పోసి దట్టించే పాతకాలపు తుపాకితో దూరంగా వేలాడే రేకును కొట్టి నవ్వుతుండు. వీడియో మంచిగనే ఉంది, మేం కూడా చివరిదాకా చూసినం. కింద కామెంట్లు నూరు దాటినయి. "మా దాదా కాడ గిసొంటిదే ఉండె", "మా అటక మీద ఇప్పటికీ ఉంది భయ్యా, ఫోటో పెట్టాల్నా?", "గాంధారి దిక్కు ఇంకా చేసేటోళ్ళు ఉన్నరు." ఒక తమ్ముడైతే సీసం ఏడ దొరుకుతది, మందు ఎట్ల కలుపుతరు అని అడిగిండు. ఇద్దరు జవాబు గూడ ఇచ్చిండ్రు.

ఆ రెండు జవాబులు, ఫోటో పెట్టిన ఒక కామెంటు మేం తీసేసినం. "ఎందుకు తీసేసిండ్రు? మన చరిత్రను మనమే దాచిపెట్టుకోవాల్నా?" అని నలుగురు కోపంగా అడిగిండ్రు. అడిగింది న్యాయమే. గ్రూపు చూసుకునే మేం ఐదుగురం రెండు రాత్రులు దీని మీదనే మాట్లాడుకున్నం, కొట్లాడుకున్నం కూడా. మాలో ముగ్గురం కామారెడ్డి, ఎల్లారెడ్డి తండాలోళ్ళం, ఒకరు లింగంపేట దిక్కు నాయకపోడు గూడెం నుంచి, ఒకరు ఆదిలాబాద్ గోండు. అందరి మాట ఒక్కటి కాలేదు. ఒప్పుకున్నదీ ఒప్పుకోనిదీ రెండూ రాస్తున్నం.

ముందు ఆ తుపాకి సంగతి. మన దిక్కు దాన్ని భర్మార్ అంటరు. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. నింపి కొట్టేది, అంతే. ఇప్పటి తుపాకిలో తూటా వెనక నుంచి పోతది. గుండు, మందు, నిప్పు పుట్టించే టోపీ అన్నీ ఒకే గొట్టంలో తయారుగా ఉంటయి. భర్మార్‌కు అన్నీ విడివిడిగా, అన్నీ మూతి నుంచే. ముందు మందు పోయాలె, మీద పీచో గుడ్డ పేలికో పెట్టాలె, ఇనుప కడ్డీతో దట్టించాలె, తర్వాత గుండు, మళ్ళీ పేలిక, మళ్ళీ దట్టుడు. వెనక చిన్న రంధ్రం మీద టోపీ పెట్టి గుర్రం లాగితే అప్పుడు పేలుతది. ఒక్కసారి కొడితే రెండోసారి కొట్టేందుకు ఇదంతా మళ్ళీ మొదటి నుంచి. అప్పటికి పంది ఇంకో ఊరు దాటుతది. అందుకే దాదాలు "ఒకటే దెబ్బ, అది తప్పితే చెట్టెక్కుడే" అని నవ్వుకుంట చెప్పేటోళ్ళు.

ఇంకొకటి కూడా చెప్పేటోళ్ళు, అది మనం నవ్వుకుంట వినేది కాదు. మందు జరంత ఎక్కువైనా, వానకాలం తేమ పట్టినా, గొట్టం ఎక్కడన్నా తుప్పు తిన్నా, పేలేది ముందుకు కాదు. కమ్మరి కొలిమిలో చేసిన గొట్టానికి ఏ ఫ్యాక్టరీ పరీక్షా లేదు. మా ఐదుగురిలో ఒకరి ముత్తాతకు కుడి చేతికి రెండే వేళ్ళు ఉండేవి. చిన్నప్పుడు ఆ చేతిని చూసి ఏ జంతువో కొరికిందనుకునేటోళ్ళట పిల్లలు. కొరికింది ఇంట్లోని భర్మారే.

ఎందుకు పెట్టుకున్నరు మరి అంత ప్రమాదమున్న దాన్ని? హాబీ కోసం కాదు. మన తాతలు మొదట సేద్యగాళ్ళు కారు. లంబాడాలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన జాతి. రైళ్ళు, రోడ్లు వచ్చి ఆ బేరం పోయినంక అడవి అంచున పశువులు కాసుకుని, మెల్లగా రాళ్ళు ఏరి చెలక చేసుకున్నరు. నిజాం పాలనలో లంబాడాల బతుకు ఎట్ల మారిందో ప్రొఫెసర్ భంగ్యా భుక్యా 2010లో వచ్చిన 'సబ్జుగేటెడ్ నోమాడ్స్' పుస్తకంలో వివరంగా రాసిండు, డిగ్రీ చదివేటోళ్ళు లైబ్రరీలో అడగండి. అడవి అంచు చెలక అంటే ఏందో మనకు తెలుసు. మక్క కంకి పాలు పట్టే రోజుల్లో ఒక్క రాత్రి పందుల మంద దిగితే పొద్దున ఎకరం చాప పరిచినట్టు ఉంటది. మంచె మీద రాత్రంతా డబ్బా కొట్టాలె, మంట పెట్టాలె, వడిసెల తిప్పాలె. అన్నిటికీ అలవాటు పడ్డ పందికి చివరి మాట భర్మార్. ఆ చప్పుడుకే సగం పని అయ్యేది.

అదే కాలంలో వేట హాబీగా ఉన్నోళ్ళు కూడా మన పక్కనే ఉన్నరు. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట దిక్కు నుంచి మెదక్ దాకా పరుచుకున్న పోచారం అడవి నిజాం వేట స్థలం. 1916-1922 మధ్య కట్టిన పోచారం చెరువు పేరు మీదనే దానికి ఆ పేరు. తర్వాత 1950ల మొదట్లో అదే అడవి వన్యప్రాణుల అభయారణ్యం అయింది. ఒక్కసారి ఆలోచించండి. అడవి అదే, జింక అదే. దొరలు కొడితే షికార్, మనోడు కొడితే దొంగవేట. అభయారణ్యం అయినంక అందరికీ ఒకటే చట్టం అన్నరు, అది మంచిదే. కానీ అప్పటికే దొరల వేట ఫోటోలు గోడలకు ఎక్కి ఉన్నయి, మనోళ్ళ వేట స్టేషన్ రికార్డులకు ఎక్కుతున్నది.

తుపాకి ఎవరి చేతిలో ఉండాలె అన్నది ఎప్పుడూ రాజ్యం తేల్చిన ముచ్చటే. 1878లో లిట్టన్ కాలంలో బ్రిటిషోళ్ళు ఆయుధాల చట్టం తెచ్చిండ్రు. భారతీయుడికి లైసెన్స్ కావాలె, తెల్లోడికి అక్కర్లేదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు, గాం మల్లుదొర, గాం గంటందొర చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరుసగా పడింది తుపాకుల కోసమే. మూడింట్లో దొరికినవి 26. మన తెలంగాణలో 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమురయ్య గుండు తగిలి పడిపోయినప్పుడు జనం చేతిలో ఉన్నవి కర్రలు, వడిసెలలు. తర్వాత దళాలు కట్టుకున్నంక మొదట్లో చేతికి అందినవి ఈ భర్మార్లే. ఆ పోరాటంలో ధర్మాపురం తండా లంబాడాలు, ఠానూ నాయక్ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎట్ల ఎదిరించిండ్రో మన గ్రూపులో ఇంతకుముందే పోస్టు ఉంది. కాబట్టి భర్మార్ మన చరిత్రలో లేదని మేం అంటలేం. ఉంది, పెద్దగనే ఉంది.

మరి కామెంట్లు ఎందుకు తీసేసినం?

మా ఎరుకలో ఒక తమ్ముడున్నడు. పేరు, తండా, స్టేషన్ ఏదీ రాయం. డిగ్రీ రెండో ఏడు చదివేటోడు. ఇంట్లో పెళ్ళికి అటక మీది దాదా భర్మార్ దించి, తుడిచి, భుజాన పెట్టుకుని పాట మీద రీల్ చేసిండు. వేటకు పోలేదు, ఒక్కసారి పేల్చలేదు, అది పేలుతదో లేదో కూడా వానికి తెల్వదు. నాలుగో రోజు జీపు వచ్చింది. ఆయుధాల చట్టం కింద కేసు అయింది. దాదా అంతకు మూడేండ్ల ముందే చనిపోయిండు కాబట్టి ఇంట్లో తుపాకి ఎవరిదంటే రీల్ చేసినోడిదే. ఆ తమ్ముడు కానిస్టేబుల్ పరుగు పందెంలో, లాంగ్ జంప్‌లో మంచిగ వచ్చినోడు. ఇప్పుడు వాయిదాలకు తిరుగుతుండు. ఒక్కో వాయిదాకు వాళ్ళ బాపు కూలీ పోతది, వకీలుకు ఫీజు పోతది, బస్సు చార్జీ పోతది. తప్పు ఎవరిదని ఇప్పుడు మేం తీర్పు చెప్పం. వాని రీల్‌కు వచ్చిన లైకులు మూడు వందల నలభై.

చట్టంలో ఏముందో సూటిగా చెప్పుకుందాం. ఎందుకంటే కామెంట్లలో సగం మంది "పాత తుపాకికి ఏం కాదు భయ్యా" అని రాసిండ్రు. 1959 ఆయుధాల చట్టం మూడో సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేకుండా ఏ తుపాకీ, తూటా, మందూ ఉండకూడదు. నాటుదా, కంపెనీదా అన్న తేడా లేదు. 2019లో చట్టం సవరించినంక లైసెన్స్ లేని తుపాకి దగ్గర ఉంటే తక్కువలో తక్కువ రెండేండ్లు, ఐదేండ్ల దాకా జైలు. తయారు చేస్తే, అమ్మితే, చివరికి మరమ్మతు చేసినా సరే, ఏడేండ్లకు తక్కువ కాకుండా యావజ్జీవం దాకా పోతది. మరమ్మతు అన్న మాట మళ్ళీ చదవండి. దాదా తుపాకి గుర్రం వదులైందని బిగించే కమ్మరి బాబాయి కూడా అందులోకి వస్తడు. తూటాలు, వాటి భాగాలు, వాటిని తయారు చేసే సామాను కూడా ఆ చట్టం పరిధిలోనే ఉన్నయి. కాబట్టి సీసం కరిగించి గుండ్లు పోసుడు, వాడిన తూటా గొట్టాలను మళ్ళీ నింపుడు ఇక్కడ షెడ్డులో కూసొని చేసే సరదా పని కాదు. పైగా తొమ్మిదో సెక్షన్ ప్రకారం 21 ఏండ్లు నిండనోళ్ళు తుపాకి పెట్టుకునుడే నేరం. మన గ్రూపులో ఇంటర్, డిగ్రీ మొదటి ఏడు చదివేటోళ్ళు ఎంతమందో లెక్క వేసుకోండి. పెళ్ళిలో సంబురానికి గాల్లోకి పేల్చినా రెండేండ్ల దాకా శిక్షనో, లక్ష దాకా జరిమానానో, రెండూనో అని 2019 సవరణలోనే కలిపిండ్రు.

ఆ తుపాకి పట్టుకుని అడవిలోకి పోతే ఇంకో చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపుడే కాదు, ఉచ్చు పెట్టుడు, తరుముడు, ప్రయత్నం చేసుడు కూడా వేటనే. 2022 సవరణ తర్వాత అడవిపంది, దుప్పి రెండో షెడ్యూల్‌లో ఉన్నయి. నెమలి మొదటి షెడ్యూల్. మొదటి షెడ్యూల్ జంతువైనా, పోచారం లాంటి అభయారణ్యం లోపల ఏ జంతువైనా, మూడేండ్లకు తక్కువ కాకుండా ఏడేండ్ల దాకా జైలు. కొందరు అన్నలు అటవీ హక్కుల చట్టం ఉంది కదా అంటరు. పోడు పట్టా ఇచ్చిన అదే 2006 చట్టం, సంప్రదాయ హక్కులన్నీ చెప్పి, అందులోంచి వేట హక్కును మాత్రం పేరు పెట్టి తీసేసింది. ఇది చదివి మాకు కూడా ఛాతీలో కలుక్కుమన్నది. కానీ తెలుసుకోకుండా కోర్టులో నిలబడితే ఇంకా ఎక్కువ కలుక్కుమంటది.

ఉద్యోగం సంగతి కూడా ఉంది. పోలీసు, అటవీ బీట్ ఆఫీసర్ కొలువులకు మనోళ్ళు ఎంతమంది చదువుతుండ్రో ఈ గ్రూపు చూస్తేనే తెలుస్తది. సెలెక్ట్ అయినంక ఇచ్చే ధ్రువీకరణ ఫారంలో నీ మీద కేసులు ఉన్నయా అని అడుగుతరు. దాస్తే కొలువు పోవచ్చు. దాయకుండా రాసినా, అభ్యర్థి గతాన్ని చూసి తీసుకోవాల్నా వద్దా అని తేల్చే హక్కు శాఖకు ఉందని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే కేసు కొట్టేసినా ఆ కాగితం వెనకబడే వస్తది.

ఇక్కడ మాలో ఒకరు గట్టిగా అడ్డం మాట్లాడిండు. ఆయన మాట న్యాయంగా రాస్తున్నం. "అమెరికాల ముసలోడు చేస్తే హాబీ. కొడగులో చేస్తే సంస్కృతి. మన తండాల చేస్తే నేరం. దీన్ని మనమే ఒప్పుకోమంటున్నరా?" అన్నడు.

ఆయన చెప్పినవి రెండూ నిజమే. అమెరికాలో 1968 తుపాకుల చట్టం 1898 దాకా తయారైన తుపాకులనూ, మూతి నుంచి నింపే వాటి నకళ్ళనూ చాలామటుకు మామూలు తుపాకుల లెక్కలోంచి తీసేసింది. అందుకే ఆ ముసలాయన షెడ్డులో నిశ్చింతగా ఉన్నడు. 1933 నుంచి వాళ్ళకు దేశమంత సంఘం ఉంది, చాలా రాష్ట్రాల్లో భర్మార్ లాంటి తుపాకులతోనే జింకల వేటకు వేరే సీజన్ ఉంది. మన పక్క కర్ణాటకలో కొడవలకు, అక్కడి జమ్మా భూముల వాళ్ళకు బ్రిటిష్ కాలం నుంచి ఆయుధ లైసెన్స్ మినహాయింపు ఉంది. కేంద్ర హోం శాఖ 2019లో దాన్ని 2029 దాకా పొడిగించింది, 2021లో కర్ణాటక హైకోర్టు అది సరైనదే అన్నది. కైల్‌పోళ్దు పండుగ నాడు వాళ్ళు తుపాకులను పూజిస్తరు, ఫోటోలు పేపర్లో వస్తయి. అదే పేపర్లో మన దిక్కు నుంచి వచ్చే ఫోటోలో నేల మీద రెండు నాటు తుపాకులు, వెనక ముసుగు కప్పిన ఇద్దరు మనోళ్ళు.

తేడా ఉంది, ఒప్పుకున్నం. కానీ ఆ తేడా మీద కోపం రీల్ రూపంలో చూపిస్తే నష్టపోయేది ఎవరు? కొడవలకు ఆ మినహాయింపు ఎట్ల నిలబడింది? అర్జీలతో, కోర్టులో వాదనతో, వెంటపడి తెచ్చుకున్న పొడిగింపుతో. అదీ కాక మనకు అచ్చం వాళ్ళ లాంటి మినహాయింపే కావాల్నా అన్న దాని మీద కూడా మాలో ఒప్పందం లేదు. ఇంటింటికీ తుపాకి ఉన్న తండాలో తాగిన రాత్రి, భూమి గెట్టు పంచాయితీ ఎట్ల ముగుస్తదో అని మాలో ఉన్న ఒక అక్క అడిగింది. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆమె మాటే గెలిచింది.

అయితే చట్టంలోనే మనకు పనికొచ్చే రెండు మాటలు ఉన్నయి. ఇవి కామెంట్లలో ఎవరూ రాయలేదు, అందుకే జర నిలబడి చెప్తున్నం.

మొదటిది పదమూడో సెక్షన్. పంట కాపాడుకునే నిజమైన అవసరం ఉన్న పౌరుడు మూతి నుంచి నింపే తుపాకి కోసం దరఖాస్తు పెడితే లైసెన్స్ ఇవ్వాలని అందులో రాసి ఉంది. అవును, భర్మార్ పేరే, పంట పేరే చట్టంలో ఉన్నయి. ఇవ్వకూడని కారణాలుంటే తప్ప ఇవ్వాలె, ఇవ్వకపోతే కారణం రాతపూర్వకంగా చెప్పాలె. మన తాతల పని ఏందో అదే పని గురించి పార్లమెంటు 1959లోనే రాసిపెట్టింది. కానీ మన తండాల్లో ఆ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టినోడిని మా ఐదుగురిలో ఎవరం చూడలేదు. పెట్టొచ్చని తెలిసినోడినే చూడలేదు. పోలీసు విచారణ, భద్రతా శిక్షణ సర్టిఫికెట్, తుపాకి దాచే ఏర్పాటు, ఇవన్నీ కావాలె. మూడెకరాల చెలక ఉన్నోడు కలెక్టరేట్ చుట్టూ ఎన్ని రోజులు తిరుగుతడు? అందుకే ఒక్కొక్కరు కాదు, గ్రామసభ తీర్మానంతో కలిసి అడగాలె అన్నది మా మాట.

రెండోది నలభై ఐదో సెక్షన్. కాలం చెల్లిన, పురాతన విలువ ఉన్న, లేదా పాడైపోయిన ఆయుధం, మరమ్మతు చేసినా చేయకపోయినా ఇక తుపాకిగా పనికిరానిది అయితే, దానికి ఈ చట్టం వర్తించదు. అంటే అటక మీది దాదా గుర్తు గుర్తుగానే ఉండే దారి ఒకటుంది. కానీ అది పనికిరానిదో కాదో తేల్చేది మనం కాదు, మన కమ్మరి అంతకన్నా కాదు. ఇంట్లో అలాంటిది ఉన్నోళ్ళు ఫోటో తీయొద్దు, గ్రూపులో చెప్పొద్దు, చేతిలో పట్టుకుని స్టేషన్‌కు నడుచుకుంట పోవద్దు. ముందు వకీలును కలవండి. ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. కామారెడ్డి కోర్టులో, ఎల్లారెడ్డి కోర్టులో న్యాయ సేవల వాళ్ళను అడిగి, వకీలు ద్వారా అప్పగించాల్నా, ఇంకేం చేయాల్నా అన్నది తెలుసుకోండి. బావిలో పడేస్తం, పాతిపెడతం అని కొందరు అన్నరు. పాతిపెట్టింది పదేండ్లకు ఏ జేసీబీకో తగుల్తది, అప్పుడు ఆ పొలం ఎవరి పేరు మీద ఉంటే వాడే దోషి.

పందుల సంగతి మాత్రం వదిలిపెట్టలేం. భర్మార్ పోయినంక దాని జాగాలో మన దిక్కు ఏమొచ్చింది? కరెంటు తీగ. పొలం చుట్టూ సన్న తీగ కట్టి మెయిన్ లైన్‌కు కొక్కెం తగిలిస్తరు. పంది సచ్చేది ఎప్పుడో, పొద్దున మోటరు పెట్టబోయే మనిషి, పాలోల్ల బర్రె, సొంత కొడుకు సచ్చేది ఎప్పుడో. భర్మార్‌కు కనీసం ఎదురుగా ఎవరున్నరో చూసే కన్ను వెనక ఉంటది. తీగకు కన్ను లేదు. నాటు బాంబు కూడా అంతే, పిండిలో పెట్టి వదిలేస్తే నోరు పెట్టేది ఆవు కావచ్చు, ఆడుకునే పిల్ల ముట్టుకోవచ్చు. తుపాకి మీద ఇంత రాసి తీగ మీద ఊరుకుంటే మా రాతకు అర్థం లేదు. తీగ పెట్టే బాబాయిలకు, మామలకు ముందు మనమే చెప్పాలె, ఇంట్లోనే కొట్లాడాలె.

మరి పంట? పంటకు, ప్రాణానికి ప్రమాదమైన జంతువును అనుమతితో చంపించే దారి వన్యప్రాణి చట్టం పదకొండో సెక్షన్‌లో ఉంది. మన రాష్ట్రంలో అడవిపందుల విషయంలో ఆ అనుమతి ఇచ్చే అధికారం సర్పంచ్ దాకా తెచ్చిండ్రు, కొట్టేది మాత్రం అధికారులు ఒప్పుకున్న జాబితాలోని లైసెన్స్ ఉన్న షూటర్లు. ఆ షూటర్లు చాలామటుకు పట్నం నుంచి జీపులో వచ్చేటోళ్ళు. వాళ్ళకు అది సరదా కూడా. మన మక్కచేను వాళ్ళకు ఆదివారం. ఆ జాబితాలో మన తండాల నుంచి, గూడేల నుంచి 21 నిండిన, శిక్షణ పొందిన, లైసెన్స్ ఉన్న పిల్లలు ఎందుకు ఉండకూడదు? పంది ఏ వాగు పొంటి దిగుతదో, ఏ రాత్రి దిగుతదో తెలిసింది మనోళ్ళకే. మనం ముద్దాయిల లిస్టులో తేలికగా దొరుకుతం, షూటర్ల లిస్టులో మాత్రం కనబడం. మా అసలు కోపం ఇక్కడ. రీల్ మీద పెట్టే ఆవేశం ఈ ప్రశ్న మీద పెట్టండి. సోలార్ కంచెలకు సబ్సిడీ, పంట నష్టానికి తిప్పలు పెట్టకుండా పరిహారం, ఇవి దాని పక్కనే అడగాలె.

సీసం కరిగిస్తనన్న తమ్మునికి వేరేగా ఒక మాట. చట్టం పక్కన పెట్టు. నువ్వు వీడియోలో చూసిన ముసలాయన గాలి ఆడే జాగాలో, చేతి తొడుగులు, కండ్లద్దాలు పెట్టుకుని చేసిండు, అది నువ్వు గమనించలేదు. కరిగిన సీసంలో ఒక్క నీటి చుక్క పడితే ఆవిరై మొత్తం ముఖం మీదికి ఎగుస్తది. పాత బ్యాటరీ ప్లేట్లు కరిగిస్తే సీసంతో పాటు విష వాయువులు కూడా వస్తయి, వాటిని ముట్టొద్దని ఆ దేశంలో గుండ్లు పోసేటోళ్ళే ఒకరికొకరు చెప్పుకుంటరు. సీసం పొగకు వాసన ఉండదు, పిల్లల మెదడును మెల్లగా తింటది. రక్తంలో ఎంత సీసం ఉంటే ప్రమాదం లేదు అన్న లెక్కే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. నువ్వు కరిగించేది అమ్మ వంట చేసే పొయ్యి మీదనే కదా? మన తాతలు సీసం దొరకక సైకిల్ ఛర్రలు వాడిండ్రు. వాళ్ళకు గతి లేక చేసిందాన్ని నువ్వు సరదాకు చేస్తనంటవా?

గురి పెట్టుడు అంటే అంత ఇష్టమైతే, ఎన్‌సీసీలో చేరు. ఎయిర్ రైఫిల్ ఆట నేర్చుకో. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ హైదరాబాద్‌లో పెరిగినోడే. ఖర్చుతో కూడిన ఆట అని మాకు తెలుసు, తండా పిల్లకు రైఫిల్ ఎవరు కొనిస్తరు అని నువ్వు అడుగుతవు. కొండెక్కుడు చౌకైన ఆటనా? మన పక్క నిజామాబాద్ జిల్లా పాకాల తండా బిడ్డ మాలావత్ పూర్ణ మన తాడ్వాయి గురుకులంలో చదువుకుంట 2014 మే 25న, పద్నాలుగేండ్లు కూడా నిండకుండా ఎవరెస్ట్ ఎక్కింది. ఆ ఖర్చు వాళ్ళ నాన్న పెట్టలేదు, గురుకుల సొసైటీ పెట్టింది. మన గురుకులాల్లో ఒక షూటింగ్ రేంజ్ కావాలని అడిగితే ఎవరూ నవ్వరు. అడగకపోతేనే నవ్వుతరు.

ఇప్పుడు చేయాల్సిన పని. భర్మార్ ఫోటో, తయారీ ముచ్చట, మందు ముచ్చట ఏదీ ఇక్కడ పెట్టొద్దు, పెడితే తీసేస్తం, మళ్ళీ పెడితే గ్రూపు నుంచి తీసేస్తం. కానీ దాదాల మాటలు పెట్టండి. మంచె మీద రాత్రులు, పోచారం అడవిలో దొరల షికార్లకు వెట్టికి పోయిన కథలు, ఎద్దుల బిడారు పాటలు, నాయకపోడు పెద్దల వేట ముచ్చట్లు. ఫోన్‌లో రికార్డు చేసి మాకు పంపండి, మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు తీసి రాస్తం. ఎనభై దాటినోళ్ళు ఒక్కొక్కరే పోతుండ్రు, ఈ యాసంగి దాకా ఆగొద్దు.

పదమూడో సెక్షన్ కింద గ్రామసభ తీర్మానం నమూనా, షూటర్ల జాబితాలో మనోళ్ళను చేర్చాలని కలెక్టర్‌కు ఇచ్చే అర్జీ నమూనా, రెండూ మన గ్రూపులో ఉన్న లా చదివే అక్క రాస్తున్నది. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఎల్లారెడ్డిలో కూర్చుందాం, జాగా శనివారం చెప్తం. గాంధారి, లింగంపేట, నాగిరెడ్డిపేట, సదాశివనగర్ దిక్కు తండాల నుంచి కనీసం ఒక్కొక్కరు రావాలె. వచ్చేటోళ్ళు తమ తండాలో ఈ వానకాలం పందులు తిన్న ఎకరాలు ఎన్నో ఇంటింటికీ అడిగి కాగితం మీద రాసుకుని రండి. నష్టపరిహారానికి పెట్టిన పాత దరఖాస్తుల రసీదులు ఉంటే జిరాక్సులు తెండి.